స్కెల్‌బీ స్టేషన్‌లో ఐదు కప్పలు

స్కెల్‌బీ అనే ఊరిని పటంలో వెతకడం దండగ. అది థార్న్‌లీ పట్నంలో, మెథడిస్టు చర్చి వెనక ఒకప్పుడు ఆదివారం బడి నడిచిన గదిలో, నాలుగు చెక్కబల్లల మీద ఉంది. అందులో స్టేషను ఉంది, గూడ్స్ షెడ్డు ఉంది, ఉన్ని మిల్లు ఉంది, గొర్రెలున్నాయి. గొర్రెల్ని చూస్తూ పైపు కాల్చే మనిషి కూడా ఉన్నాడు, కాకపోతే ఎత్తు అంగుళం లోపే. జానెడు పొడవు ఇంజన్లు వచ్చి పోతుంటాయి. నాలుగేళ్ళపాటు పదకొండు మంది మగవాళ్ళూ, ఒక ఆడమనిషీ కలిసి ఈ ఊరిని కట్టారు. మగవాళ్ళు పట్టాలు వేశారు, ఇంజన్లు చేశారు, తీరిక దొరికినప్పుడల్లా వాదించుకున్నారు. ఆడమనిషి చెట్లు చేసింది, పట్టాల మధ్య కంకర అంటించింది, నాలుగింటికి అందరికీ టీ పెట్టింది.

ఆవిడ పేరు ఈనిడ్ హార్‌గ్రీవ్స్. వయసు అరవై ఒకటి. టీ ఆవిడే పెట్టాలని ఈ నమూనా రైళ్ళ క్లబ్బు నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. పుస్తకంలో లేని నిబంధనలే ఏ క్లబ్బులోనైనా గట్టిగా అమలవుతాయి. అలాంటిదే ఇంకోటి ఉంది, దానికోసమే ఆవిడ నాలుగేళ్ళుగా ఓపిక పట్టింది. బల్ల కింద తీగలు ఎవరు కడితే, ప్రదర్శన రోజున ఆ బల్ల మీద బళ్ళు నడిపే హక్కు వాళ్ళది. చెట్లు చేసినవాళ్ళకి ఆ రోజున తాడుకి ఇవతల, జనంలో నిలబడి చూసే హక్కు ఉంటుంది.

ఈనిడ్‌కి స్కెల్‌బీ స్టేషను నడపాలని ఉంది. సిగ్గుపడి దాచుకోవాల్సిన కోరికేమీ కాదు. అయినా నోరు తెరిచి అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు, "అదలా ఉంచు గానీ, ఆ కొండ మీద రెండు చెట్లు తగ్గినట్టున్నాయి చూడమ్మా," అనేవారు. ఆవిడ ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేసే ఫ్యాక్టరీలో తీగలు కట్టింది. ఒక్కో చట్రానికి నాలుగు వేల టంకాలు. ఈ సంగతి క్లబ్బులో అందరికీ చెప్పింది. వాళ్ళు విని, అల్లికలు కుట్లు లాంటిదేదో అనుకుని, తల ఊపి ఊరుకున్నారు. ఆవిడ మాత్రం ప్రతి శనివారం చేతిసంచిలో తన సొంత సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని వచ్చేది, తీసే అవసరం రాక మళ్ళీ ఇంటికి మోసుకుపోయేది.

బల్లల కింద ప్రపంచమంతా క్లిఫర్డ్ స్టాట్ ఇలాకా. ఆయన ఉన్ని మిల్లులో ముప్ఫై ఏళ్ళు కరెంటు పని చేసి రిటైరైన మనిషి. పనిమంతుడు, దొంగబుద్ధి లేనివాడు, ఇంటికెళ్తే కుక్కపిల్లలా మెత్తని మనిషని ఆయన భార్యే చెబుతుంది. పట్టిన కుందేలుకి మాత్రం మూడే కాళ్ళు. ఆయన తప్ప ఎవరూ బల్ల కింద చెయ్యి పెట్టకూడదు, పెడితే చెయ్యి కోసేస్తానని ఒక అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు కూడా.

ఇక ఆ ఫిబ్రవరి శనివారం సంగతి. ప్రదర్శనకి సరిగ్గా వారం ఉంది. బయట వాన. గదిలో పారఫిన్ స్టవ్ వాసన. నలుగురు స్కెల్‌బీ స్టేషన్ బల్ల చుట్టూ చేరి, నాలుగో నంబరు పాయింటు మీద బిగుసుకుపోయిన ఆకుపచ్చ ఇంజన్ని చూస్తున్నారు. కరెంటు పెట్టె మీద ఎర్రదీపం వెలిగి ఉంది. షార్టు.

పాయింటంటే పట్టా రెండుగా చీలే చోటు, అక్కడ దారి మార్చడానికి పక్కకి కదిలే సన్న పట్టాని నాలుక అంటారు. చీలిన రెండు పట్టాలూ ఒకదాన్నొకటి దాటే దగ్గర మొనదేలిన చిన్న లోహపు ముక్క ఉంటుంది. దాన్ని వీళ్ళు కప్ప అంటారు, ఎందుకంటారో ఎవరికీ సరిగ్గా తెలియదు. బండి తిన్నగా పోతుంటే ఆ కప్పకి ఒక పట్టా కరెంటు అందాలి, పక్కదారి పడుతుంటే రెండో పట్టాది అందాలి. బల్ల కింద ఉన్న బుల్లి స్విచ్చి ఆ మార్పు చేస్తుంది. అది తిరగబడిందా, ఇంజను చక్రం కప్పని తాకగానే షార్టై బండి చచ్చిపోతుంది. స్కెల్‌బీ స్టేషన్‌లో ఎనిమిది పాయింట్లు. మొదటి మూడు బంగారంలా పనిచేస్తున్నాయి. మిగతా ఐదింటి మీదా మూడు వారాలుగా ఇదే వరస.

క్లిఫర్డ్ ఒక బ్లేడుతో నాలుగో పాయింటు పక్కన గీకి, వచ్చిన గోధుమరంగు పెచ్చుని అందరి ముక్కుల ముందూ తిప్పాడు.

"చూడండి. కళ్ళున్నవాళ్ళు చూడండి. ఇది జిగురు. ఒకటి, రెండు, మూడు నంబర్లకి ఈవిడ పాత జిగురుతో కంకర వేసింది. అవి నడుస్తున్నాయి. నాలుగు నించి ఎనిమిది దాకా ఈవిడ కొత్తగా కొనుక్కొచ్చిన చవక జిగురు. ఐదూ చచ్చాయి. తడి తగిల్తే ఆ జిగురులో కరెంటు పారుతుంది. ఇంకేం రుజువు కావాలి?"

"జిగురు చేసే పనే అతికించడం కదా క్లిఫర్డ్," అన్నాడు బెర్నార్డ్. ఆయన ఒకప్పటి మాంసం కొట్టు యజమాని, ఇప్పుడు స్కెల్‌బీకి ఆకాశం, మబ్బులు వేసే చిత్రకారుడు. "బండిని కూడా అతికించింది. పాపం దాన్ని తిట్టి లాభమేంటి."

"నీకు నవ్వులాటగా ఉందా? ఆర్నెల్ల పని ఇది."

"నాకు ఆకలిగా ఉంది," అన్నాడు బెర్నార్డ్, సంచిలోంచి పంది మాంసం కూరిన పోర్క్ పై తీస్తూ.

క్లబ్బు అధ్యక్షుడు హెడ్లీ గడియారం చూసుకున్నాడు. ఆయన బస్సు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు, ఏ పనైనా వేళకి కాకపోతే ఆయనకి ఒంట్లో బాగుండదు. "నాలుగింటికి నేను బ్రాడ్‌క్లిఫ్‌లో ప్రదర్శన పెట్టేవాళ్ళకి ఫోన్ చెయ్యాలి. మనం రావట్లేదంటే మన జాగాలో వేరే క్లబ్బు వాళ్ళు వస్తారు, కాచుక్కూర్చున్నారు. నన్నేం చెప్పమంటావ్ క్లిఫర్డ్?"

"రావట్లేదని చెప్పు. పట్టా పీకి, కంకరంతా కడిగి మళ్ళీ వెయ్యాలి. కారణం అడిగితే జిగురు అని చెప్పు. మన పత్రికలో కూడా అదే వెయ్యి. నా తీగల మీదకి రానివ్వకు."

ఈనిడ్‌కి ఒళ్ళు మండింది. ఆ చిన్న పత్రిక ఆ కొండల్లో ఉన్న పద్నాలుగు క్లబ్బులకి పోతుంది. అందులో ఒకసారి అచ్చయితే ఇక అంతే. స్కెల్‌బీని జిగురుతో చంపిన ఆడమనిషి అని చచ్చేదాకా చెప్పుకుంటారు. స్టేషను నడపడం మాట దేవుడెరుగు, చెట్లు కూడా చెయ్యనివ్వరు. నాలుగేళ్ళు చుక్కలమందు గొట్టంతో ఒక్కో రాయికీ ఒక్కో చుక్క వేసింది ఇందుకా అనుకుంది.

"కంకర వెయ్యకముందు పాయింట్లు పరీక్షించాలని కదా మన నియమం," అంది నెమ్మదిగా. "పరీక్షించావా క్లిఫర్డ్?"

"నేను కట్టిన తీగకి పరీక్షెందుకు?"

"సరే, ఇప్పుడు రెండున్నర. నాలుగింటిదాకా నన్ను బల్ల కిందకి వెళ్ళనీ. జిగురే అయితే నేనే ఒప్పుకుంటా, నా చేత్తోనే పట్టా పీకుతా."

క్లిఫర్డ్ తన అట్టముక్క వైపు చెయ్యి చూపించాడు. "అక్కడేం రాసుందో చదవడం వచ్చా నీకు?"

"వచ్చు. రెండుచోట్ల అక్షరం తప్పు రాశావ్."

బెర్నార్డ్‌కి పోర్క్ పై ముక్క గొంతుకి అడ్డంపడింది. హెడ్లీ మళ్ళీ గడియారం చూసుకుని, "నాలుగింటిదాకా," అన్నాడు. "వెళ్ళు ఈనిడ్. ఊరికే గడియారం చూస్తూ కూర్చోవడం కంటే నయమే కదా."

ఈనిడ్ తన పాత వానకోటు నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, టార్చి పట్టుకుని బల్ల కిందకి జరిగింది. ఆ వయసులో అది తేలిక కాదు. నడుం కలుక్కుమంది, జుట్టు నిండా చెక్కపొట్టు. కానీ పైకి చూడగానే నొప్పి మర్చిపోయింది. ఎంత అందంగా కట్టాడో మహానుభావుడు. తీగలన్నీ వరసగా, ఎరుపు ఎరుపుతో, నలుపు నలుపుతో, మైనపు దారంతో జానెడుకొక ముడి. పని తెలిసినవాడి పని ఎక్కడైనా కనబడుతుంది. ఇంత పనివాడికి ఇంత పొగరెందుకో అనుకుంది, తర్వాత ఇంత పనివాడు కాబట్టే అనుకుంది.

మొదటి పాయింటు దగ్గర స్విచ్చిని చూసింది. టంకం వేసిన చోట సీసం కిందకి జారి, చిన్న చుక్కలా వేలాడుతూ గడ్డకట్టింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పడుకుని, చెయ్యెత్తి వేసిన టంకం అలాగే ఉంటుంది, కరిగిన సీసం ఎవరి మాటా వినదు, నేలవైపే జారుతుంది. నాలుగో పాయింటు దగ్గరికి జరిగింది. ఇక్కడ చుక్క లేదు. సీసం చక్కగా, నున్నగా, గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు పరుచుకుని ఉంది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ అంతే. ఈనిడ్ టార్చి ఆర్పి, చీకట్లో ఒక్క నిమిషం అలాగే పడుకుని ఆలోచించింది.

"క్లిఫర్డ్," అంది కింద నించే. "నీ మోకాలు ఆపరేషన్ ఎప్పుడైంది?"

"అక్టోబర్లో. నా మోకాలికీ నీ జిగురుకీ ఏంటి సంబంధం?"

"మోకాలు కొయ్యకముందు ఎన్ని పాయింట్లు కట్టావ్?"

"మూడు," అన్నాడు.

"ఆ తర్వాత ఐదూ నేల మీద పడుకోకుండా కట్టావ్. బల్లని బోర్లించి స్టాండ్ల మీద పెట్టించుకుని, నిలబడి కట్టావ్. అవునా?"

"డాక్టరు పడుకోవద్దన్నాడు. నేనూ, హెడ్లీ, బెర్నార్డూ కలిసి బోర్లించాం. అయితే ఏంటంట?"

ఈనిడ్ బయటకి జరిగి లేచి కూర్చుంది. చెంప మీద మసి. "దేన్ని చూసి కట్టావో ఆ పటం ఒకసారి ఇటివ్వు."

క్లిఫర్డ్ సొరుగులోంచి దళసరి తెల్లటి అట్ట తీశాడు. ఎనిమిది పాయింట్లూ, వాటి తీగలూ అచ్చు వేసినట్టు గీసి ఉన్నాయి. హెడ్లీ మేనకోడలు పనిచేసే ఆఫీసులో మిషను మీద తీయించినది. అంతకుముందు క్లబ్బులో పటాలన్నీ బటర్ పేపరు మీద సిరాతో గీసేవారు. గీసి, ఆ కాయితాన్ని బొమ్మవైపు చెక్కకి ఆనించి బల్ల కింద గుచ్చేవారు. గీతలు కాయితంలోంచి వెనక్కి కనబడతాయి కాబట్టి, కింద పడుకున్నవాడికి అంతా తిరగేసి, అంటే ఆ పక్కనించి ఎలా కనబడాలో అలాగే కనబడేది. పాత క్లబ్బువాళ్ళ తెలివి అది. ఎందుకలా చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలవాటుగా చేసుకుపోయారు.

"బటర్ పేపరు ఏమైంది?" అంది ఈనిడ్.

"మొదటి మూడూ కట్టాక చినిగింది. దీనికంటే బాగుంటుందా అది? మూడేళ్ళు నూనె మరకలతో చచ్చాం."

"ఈ అట్టలోంచి గీతలు వెనక్కి కనబడవు. నువ్వు బల్లని బోర్లించావ్, అట్టని బోర్లించలేదు." ఆవిడ అట్టని తొడ మీద పెట్టుకుని, అరచేతిని దాని పక్కన పరిచి, మెల్లగా చేతిని తిప్పి చూపించింది. "బల్ల బోర్లా పడగానే ముందువైపు పట్టా వెనక్కి పోయింది, వెనకది ముందుకొచ్చింది. అట్టలో మాత్రం ముందుది ముందే ఉంది. నువ్వు అట్టలో ఉన్నట్టే కట్టావ్. ప్రతి స్విచ్చికీ రెండు చివరి తీగలు అటుదిటు, ఇటుదటు అయినాయి. ఐదు కప్పలకీ తప్పు కరెంటు పోతోంది."

"ప్రతి తీగనీ అట్టతో రెండుసార్లు సరిచూశాను నేను."

"రెండుసార్లేం ఖర్మ, ఇరవైసార్లు చూసినా సరిగ్గానే ఉంటుంది. తప్పు చేసింది కూడా ఆ అట్టని చూసే కదా."

క్లిఫర్డ్ మొహం ఎర్రబడింది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్క తీగ అటూ ఇటూ వెయ్యలేదు నేను."

"ముప్ఫై ఏళ్ళు పడుకుని కట్టావ్. ఇవి నిలబడి కట్టావ్. ఫ్యాక్టరీలో మేం చట్రం వెనకవైపు నిలబడి కట్టేవాళ్ళం క్లిఫర్డ్. చేరిన మొదటి వారం, తీగ ముట్టుకునే ముందు నువ్వెటు నిలబడ్డావో చూసుకోవే అని మా ఆడ మేస్త్రీ నా మణికట్టు మీద కొట్టి మరీ చెప్పేది. నాకు అప్పుడు పదహారేళ్ళు. ఆ దెబ్బలు తిన్నాను కాబట్టి నాకు తెలిసింది, నీకంటే తెలివైనదాన్నని కాదు."

ఆడలేక మద్దెల ఓడన్నారని బెర్నార్డ్ ఏదో గొణగబోయాడు గానీ, క్లిఫర్డ్ మొహం చూసి తన తిండి మీద దృష్టి పెట్టాడు.

"ఐదో నంబరు మార్చు," అన్నాడు క్లిఫర్డ్ చివరికి. "ఒక్కటే. మార్చాక కూడా ఆగిందంటే, పట్టా మొత్తం నువ్వే పీకాలి."

"పీకుతాను. ఆగకపోతే?"

"ఆగకపోతే అప్పుడు చూద్దాం."

ఈనిడ్ చేతిసంచి తెరిచి సోల్డరింగ్ ఐరన్ తీసింది. దాని పిడికి చుట్టిన గుడ్డ టేపు ఆవిడ వేళ్ళ గుర్తులతో గుంటలు పడి ఉంది. అది చూసి హెడ్లీ ఆశ్చర్యపోయాడు. "ఇది ప్రతి వారం తెస్తావా?" అన్నాడు. "నాలుగేళ్ళ నించి," అని ఆవిడ మళ్ళీ బల్ల కిందకి దూరింది.

రెండు తీగలు ఊడదీయడం, రెండు తీగలు అతకడం. ఎనిమిది నిమిషాలు పట్టింది. ఒక సీసం చుక్క చొక్కా చేతి మీద పడి కాలింది, పళ్ళు బిగపట్టి ఊరుకుంది. "ఇప్పుడు పెట్టు," అంది.

క్లిఫర్డ్ తన ఆకుపచ్చ ఇంజన్ని ఐదో పాయింటు ముందు పెట్టి, చాలా నెమ్మదిగా మీట తిప్పాడు. కింద పడుకున్న ఈనిడ్‌కి ఏమీ కనబడదు. చెక్క మీద చక్రాల సన్నని గరగర మాత్రం వినబడుతోంది. ఆ గరగర పాయింటు నాలుక దాటింది, కప్ప దగ్గరికొచ్చింది. గరగర ఆగలేదు. కప్ప దాటి, ప్లాట్‌ఫారం పక్కనుంచి గూడ్స్ షెడ్డు దాకా పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది. పక్కదారి వేసి చూశారు, అటు కూడా పోయింది.

థార్న్‌లీలో చప్పట్లు కొట్టే అలవాటు లేదు. "ఫర్వాలేదు," అన్నాడు హెడ్లీ. ఆ ఊళ్ళో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు, కొందరికి అది పెళ్ళిరోజున కూడా దొరకదు. బల్ల కింద చీకట్లో ఈనిడ్ ఒక్కతే నవ్వుకుంది. అంత సంతోషం ఆవిడకి ఎన్నేళ్ళయిందో.

"మిగతా నాలుగూ?" అంది.

"కానియ్," అన్నాడు క్లిఫర్డ్. ఇంజను తీసి చేత్తో పట్టుకుని, దాని చక్రాలకేసి చూస్తూ నిలబడ్డాడు.

నాలుగో పాయింటు అయింది. ఆరోది అయింది. మధ్యలో బెర్నార్డ్ వంగి, "టీ సంగతేంటమ్మా?" అన్నాడు.

"పెద్ద గిన్నె ఉంది, కుళాయి ఉంది, నీకు రెండు చేతులున్నాయి బెర్నార్డ్. ఇంకేం కావాలి?"

ఏడోదీ, ఎనిమిదోదీ కూడా అయ్యేసరికి గంట నాలుగు కావడానికి పావుగంట ఉంది. ఈసారి క్లిఫర్డ్ ఇంజనుకి ఆరు పెట్టెలు తగిలించి, మొదటి పాయింటు నించి బయల్దేరదీశాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దాటింది. ఐదు, ఆరు దాటాయి. ఏడో పాయింటు మీద పక్కదారి పట్టబోయి, ఇంజను ముందు చక్రాలు టక్కున పట్టా దిగాయి. వెనక పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుని పడ్డాయి.

ఎర్రదీపం వెలగలేదు. కరెంటు ఉంది, బండే పట్టా తప్పింది.

క్లిఫర్డ్ వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి చూశాడు. పాయింటు నాలుక పక్కపట్టాకి పూర్తిగా ఆనలేదు, మధ్యలో వెంట్రుకవాసి సందుంది. ఆ సందులో ఏదో మెరుస్తోంది. ఆయన గొంతులో ప్రాణం లేచొచ్చింది. "జిగురు," అన్నాడు.

ఈనిడ్ బల్ల కింద నించి లేచి వచ్చి తనూ వంగి చూసింది. వాదించలేదు. "జిగురే," అంది. "ఇది నాదే. నవంబర్లో చెయ్యి వణికింది, ఒక చుక్క ఎక్కువ పడింది. తుడిచాననుకున్నా, తుడవలేదు. ఇన్నాళ్ళూ బండి తిన్నగా పోతూనే కప్ప దగ్గర ఆగిపోయేది కాబట్టి ఎవరూ పక్కదారి వేసి ఈ నాలుకని చూడలేదు. హెడ్లీ, పది నిమిషాలివ్వు."

గోరువెచ్చని నీళ్ళలో పుల్ల ముంచి, జిగురుని నానబెట్టి, బ్లేడుతో రవ్వంత రవ్వంతగా గీకింది. ఇంకొకళ్ళయితే "చూశావా, నేను ముందే చెప్పలా?" అని ఆ ఒక్క చుక్కని గోరంతది కొండంత చేసేవాళ్ళే. క్లిఫర్డ్ మాత్రం, తన తప్పు కనబడగానే ఒక్క మాటలో నాదే అన్న మనిషిని వింతగా చూస్తూ నిలబడ్డాడు. మూడు వారాలుగా తాను ఆ ఒక్క మాట అనకుండా ఎంత జిగురు గీకాడో ఆయనకి తెలుసు.

నాలుగవడానికి రెండు నిమిషాలు ఉండగా బండి ఎనిమిది పాయింట్లూ దాటి, ప్లాట్‌ఫారం చివర ఆగింది. హెడ్లీ ఫోన్ చెయ్యడానికి చర్చి ఆఫీసుకి పరిగెత్తాడు. మిగతావాళ్ళు బెర్నార్డ్ పెట్టిన టీ తాగారు. నీళ్ళు సరిగ్గా కాగకముందే ఆకు వేశాడు, ఎవరికీ బాగోలేదు, అయినా తాగారు.

హెడ్లీ తిరిగి రాగానే ఈనిడ్ కప్పు కింద పెట్టి అడిగింది. "తీగలు కట్టినవాళ్ళే బళ్ళు నడపాలి. అది మన క్లబ్బు మాట కదా?"

"కట్టడం వేరు, సరిచెయ్యడం వేరు," అన్నాడు క్లిఫర్డ్ వెంటనే.

"పది తీగలు ఊడదీశా, పది తీగలు అతికా. టంకాలు లెక్కపెట్టుకో. నావి కిందకి వేలాడుతుంటాయి, గుర్తుపట్టడం తేలిక."

హెడ్లీ గొంతు సవరించుకున్నాడు. బస్సు ఇన్‌స్పెక్టరు తీర్పు చెప్పేముందు అలాగే సవరించుకుంటాడు. "ఎనిమిదిలో ఐదు ఈవిడవి. సగం కంటే ఎక్కువ. స్టేషను ఈనిడ్ నడుపుతుంది, పక్కన క్లిఫర్డ్ ఉంటాడు. ఇక దీని మీద మాట్లాడొద్దు." క్లిఫర్డ్ టోపీ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం బ్రాడ్‌క్లిఫ్ టౌన్‌హాలు జనంతో కిటకిటలాడింది. పాతిక నమూనా రైళ్ళు, వాటి చుట్టూ పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, మడతకుర్చీలు మోసుకొచ్చిన తాతలు. ఈనిడ్ ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని, మీటల పెట్టె ముందు కూర్చుంది. పొద్దున పదింటికి మొదటి బండి పంపేటప్పుడు చేతులు చల్లబడ్డాయి. పదకొండున్నరకి పుట్టినప్పటి నించి స్టేషను మాస్టరుగానే ఉన్నట్టు కూర్చుంది. క్లిఫర్డ్ వచ్చాడు. గుడ్ మార్నింగ్ అన్నాడు. ఆ తర్వాత రాబోయే బండి పేరున్న కార్డు తీసి ఆవిడ ముందు పెట్టడం తప్ప ఇంకో మాట లేదు. కార్డులు మాత్రం వేళకి పెట్టాడు.

మధ్యాహ్నం పెర్సీ ఆల్డ్రెడ్ వచ్చాడు. ఏటా బాగా తీగలు కట్టినవాళ్ళకి ఇచ్చే చెక్క డాలు ఎవరిదో తేల్చే పెద్దమనిషి ఆయన. ఆ డాలు కోసం క్లిఫర్డ్ తొమ్మిదేళ్ళు పోటీ పడి తొమ్మిదేళ్ళూ రెండో స్థానంతో ఇంటికెళ్ళాడు. పెర్సీ బల్ల కింద తెర ఎత్తి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, నోటుపుస్తకం తీసి, తిన్నగా క్లిఫర్డ్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఇన్నాళ్ళకి సాధించావయ్యా. ఇంత చక్కటి పని నేనెక్కడా చూళ్ళేదు. ఎనిమిది పాయింట్లు, పొద్దుట్నించీ ఒక్క బండి ఆగలేదని అందరూ చెప్పుకుంటున్నారు. నీ పేరే రాసుకుంటున్నా."

ఈనిడ్ మీట మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. తను నోరు తెరవకూడదని నిర్ణయించుకుంది. ఆ దారాల ముడులన్నీ క్లిఫర్డ్‌వే, తొమ్మిదేళ్ళ ఆకలి కూడా ఆయనదే. ఆయన ఊఁ అంటే చాలు. తాడు అవతల పాతికమంది చూస్తున్నారు, అందులో సగం మంది పక్క క్లబ్బులవాళ్ళు, ఇందులో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

క్లిఫర్డ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అలా రాయకు పెర్సీ," అన్నాడు. వెనక వరసకి కూడా వినబడేట్టు గట్టిగానే అన్నాడు. "ఇందులో మూడు పాయింట్లు నావి. ఐదు ఈవిడవి. ఆ ఐదూ ముందు నేను తిరగేసి కట్టాను. కట్టి, తప్పంతా ఈవిడ జిగురు మీదకి తోశాను, మూడు వారాలు ఆడిపోసుకున్నాను. ఈవిడ గంటంబావులో నా తప్పు పట్టుకుంది, నేల మీద పడుకుని సరిచేసింది. పేరు రాసుకో. ఈనిడ్ హార్‌గ్రీవ్స్. చివర ఎస్ ఉంటుంది, మర్చిపోకు."

పెర్సీ కలం ఆగింది. క్లిఫర్డ్‌ని చూశాడు, ఈనిడ్‌ని చూశాడు. తర్వాత వంగి, మర్యాదగా టోపీ తీసి, "అమ్మా, ఈ పని మీరెక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ ఫ్యాక్టరీలో గానీ, నాలుగేళ్ళ క్లబ్బులో గానీ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చెప్పాల్సింది చాలా ఉంది. కానీ క్లిఫర్డ్ అప్పుడే తర్వాతి కార్డు తెచ్చి ముందు పెట్టాడు, మూడు గంటల ఐదు నిమిషాల లీడ్స్ ఎక్స్‌ప్రెస్.

"తర్వాత చెబుతానండి," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుని. "ఇప్పుడు బండొస్తోంది."

ఎనిమిది మీటలు ఒకదాని తర్వాత ఒకటి వేసింది. బల్ల కింద ఎనిమిది పాయింట్లు టకటక పడ్డాయి. క్లిఫర్డ్ ఆవిడ కుర్చీ వెనక నిలబడి, జనాన్ని కాస్త వెనక్కి జరగమని చేత్తో సైగ చేశాడు, స్టేషన్ మాస్టరుకి దారి కనబడాలి కదా అన్నాడు. ఎక్స్‌ప్రెస్ సొరంగంలోంచి బయటికొచ్చి, వేగం తగ్గించకుండా ఐదు కప్పల మీంచీ దూసుకుపోయింది.